చెవి శ్రుతి తప్పితే: అపోహలు - వాస్తవాలు

శ్రుతి కలవడం లేదని, వినికిడి పరీక్షించే నాలాంటి ఆడియాలజిస్టు దగ్గరికి నేరుగా వచ్చేవాళ్లు తక్కువ. ముందు వాద్యాన్ని అనుమానిస్తారు, తర్వాత పక్కన పాడేవాళ్లని, ఆ తర్వాత తమ సాధనని. చెవి వంతు అన్నిటికన్నా ఆఖరున వస్తుంది. ఈ ఆలస్యం వెనకున్న అపోహలు నేను రోజూ వినేవే.

అపోహ: చెవి దెబ్బతింటే శబ్దం తగ్గుతుంది, అంతేగానీ స్వరం మారదు.

మారుతుంది. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని కాక్లియా ఉంటుంది. దాని పొడవునా సుమారు 35 మిల్లీమీటర్ల పల్చటి పొర ఒకటి సాగుతుంది. తారస్థాయి శబ్దాలకి ఆ పొర మొదటి భాగం, మంద్రానికి చివరి భాగం ఎక్కువగా ఊగుతాయి. దీన్ని కనిపెట్టినందుకే శాస్త్రవేత్త గియోర్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఎక్కడ ఊగింది అన్నది మెదడుకి ఒక చిరునామా లాంటిది. ఆ ఊపుని పట్టే కేశకణాలు చచ్చిపోయినా, లోపలి ద్రవం ఒత్తిడి పెరిగినా అదే స్వరానికి ఊగే చోటు కాస్త పక్కకి జరుగుతుంది. మెదడు మాత్రం పాత చిరునామానే చదువుకుంటుంది. అలా స్వరం జరిగిపోతుంది.

రెండు చెవుల్లోనూ ఒకేలా జరగాలని లేదు. ఒకసారి ఒక గాయని వచ్చారు. "ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంటే పాట శ్రుతి మారిపోతోందండీ. ఇంట్లో చెబితే నవ్వుతున్నారు" అన్నారు. నాకు నవ్వు రాలేదు. హెడ్‌ఫోన్ పెట్టి కుడి చెవిలో 440 హెర్ట్జ్ స్వరం వినిపించాను. ఎడమ చెవి స్వరాన్ని పైకీ కిందికీ జరిపే మీట ఆవిడ చేతికే ఇచ్చి, ఒకదాని తర్వాత ఒకటి వింటూ రెండూ ఒకటే అనిపించినచోట ఆపమన్నాను. కళ్లు మూసుకుని, తంబూరా బిరడా తిప్పినంత నెమ్మదిగా జరిపి "ఇదిగో, కలిసింది" అన్నారు. మీట 415 దగ్గర ఉంది. అంటే ఎడమ చెవి ఆ స్వరాన్ని దాదాపు అర స్వరం పైకి ఎత్తి వింటోంది. దీన్ని డిప్లాక్యూసిస్ అంటాం. ఆ చెవిలో దిబ్బడగా, నిండుగా ఉందనీ చెప్పారు. మంద్రస్థాయిలో వినికిడి కూడా తగ్గింది. ద్రవం ఒత్తిడి పెరిగినప్పుడు తరచూ కనిపించే తీరే ఇది.

ఫ్రెంచ్ స్వరకర్త గాబ్రియేల్ ఫోరే జీవితం చివరి ఇరవై ఏళ్లలో ఇలాంటిదే అనుభవించారు. వినికిడి తగ్గడంతో పాటు మంద్ర స్వరాలు, తార స్వరాలు భరించలేనంత అపశ్రుతిలో వినిపించేవి. అలా ఉంటూనే 1920 దాకా పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలని నడిపారు.

అపోహ: ఆడియోగ్రామ్ నార్మల్ అని వచ్చింది కాబట్టి చెవిలో ఏమీ లేదు.

మామూలు ఆడియోగ్రామ్‌లో 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా కొన్ని మెట్ల దగ్గర, ఎంత చిన్న శబ్దం వినగలరో చూస్తాం. ఆ స్వరం మీకు ఎంత ఎత్తులో వినిపించిందని ఎవరూ అడగరు. అడగని ప్రశ్నకి జవాబు కాగితం మీద ఉండదు కదా. రెండు చెవుల శ్రుతీ పోల్చి చూడమని మీరే అడగండి.

అపోహ: శ్రుతి జరిగితే ఎవరికైనా వెంటనే తెలిసిపోతుంది.

ఒక్క చెవిలో జరిగితే పోల్చుకోవడానికి రెండోది ఉంటుంది. రెండూ కలిసి కొద్దికొద్దిగా జరిగితే, స్వరాల మధ్య దూరాలు దాదాపు అలాగే ఉంటాయి కాబట్టి చాలామందికి తెలియనే తెలియదు. పట్టుబడేది స్వరం వినగానే పేరు చెప్పేయగలిగినవాళ్లకే. నడివయసు దాటాక వాళ్లలో చాలామందికి సి అనే పాశ్చాత్య స్వరం మోగితే దానికి అర స్వరం పైనున్న సి షార్ప్‌లా వినిపించడం మొదలవుతుంది. "నా చెవి మోసం చేస్తోంది" అని వాళ్లు పడే బాధ చూస్తే, ఆ వరం లేకపోవడమే నయమేమో అనిపిస్తుంది నాకు.

అపోహ: మాత్రలకీ శ్రుతికీ ఏం సంబంధం?

మూర్ఛకి, ముఖంలో వచ్చే నరాల నొప్పికి వాడే కార్బమజెపిన్ వల్ల కొందరికి స్వరాలన్నీ సుమారు అర స్వరం కిందికి దిగి వినిపిస్తాయి. మందు ఆపితే మళ్లీ మామూలవుతుంది. అలాగని మూర్ఛ మాత్రని సొంతంగా ఆపేయకూడదు, ప్రమాదం. రాసిన డాక్టరుతో మాట్లాడండి.

అపోహ: వినికిడి యంత్రం పెట్టుకుంటే సంగీతం మునుపటిలా వినిపిస్తుంది.

ఇక్కడ తప్పు మా వృత్తివాళ్లదే ఎక్కువ. యంత్రం ప్రధానంగా మాటల కోసం తయారైంది. వేణువు మీద నిలిపిన స్వరాన్ని అది తన సొంత కూత (మైకు పెట్టే ఈలలాంటిది) అనుకుని అణచబోతుంది. ఆ పెనుగులాటలో స్వరం వణుకుతుంది. కొన్ని యంత్రాలు వినిపించని పై శబ్దాలని కిందికి దించి వినిపిస్తాయి. మాటకి అది మేలే, రాగానికి కాదు. ఇవి ఆపేసిన మ్యూజిక్ ప్రోగ్రామ్ ఒకటి విడిగా పెట్టమనండి. ఆపరేషన్ చేసి కాక్లియాలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్‌కైతే పరిమితి ఇంకా ఎక్కువ. సుమారు 3500 లోపలి కేశకణాలు చేసే పనిని పన్నెండు నుంచి ఇరవై రెండు ఎలక్ట్రోడ్లు చేయాలి. లయ బాగా అందుతుంది, స్వరం అంతగా అందదు.

అపోహ: శ్రుతి తప్పి పాడుతున్నారంటే చెవి లోపమే.

చాలాసార్లు కాదు. చెవి సరిగ్గానే వింటుంది, గొంతు పట్టుకోలేదు.

అపోహ: దిబ్బడేసింది, గులిమి అయ్యుంటుంది, వారం చూద్దాం.

గులిమి శబ్దాన్ని మందగింపజేస్తుందే కానీ స్వరాన్ని జరపదు. ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోయి, పాట రెండు శ్రుతుల్లో వినిపిస్తే నోరు మూసుకుని "మ్" అని కూనిరాగం తీయండి. దిబ్బడేసిన వైపే గట్టిగా వినిపిస్తే గులిమో జలుబో కావచ్చు. బాగున్న చెవి వైపు వినిపిస్తే లోపలి చెవినో నరాన్నో అనుమానించాలి. ఇది పరీక్షకి బదులు కాదు, తొందరపడాల్సిన అవసరం ఉందో లేదో తెలుసుకునే చిట్కా మాత్రమే. మూడు రోజుల లోపు హఠాత్తుగా పోయే వినికిడికి స్టెరాయిడ్ చికిత్స మొదటి రెండు వారాల్లో మొదలుపెడితేనే ఫలితం ఎక్కువ. ఎంత ముందైతే అంత మంచిది. చుక్కల మందు వేసుకుని చూద్దామని ఆగకుండా, ఆ రోజే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లండి.