బోరు మనదే, నీళ్లెవరివి?

చిన్నమ్మికి, బుజ్జోడికి మీ తాత రాసేది.

మొన్న సెలవుల్లో పక్క చేన్లో బోరు బండి రాత్రంతా మోత పెడుతుంటే, "మన బోరుకు ఇంత దగ్గర్లో వేస్తే వద్దనవా తాతా?" అని అడిగారు కదా, నిద్రమత్తులో ఏదో చెప్పి తప్పించుకున్నా. ఇప్పుడు రాస్తున్నా, కాస్త పొడుగే అవుతుంది.

వద్దనడానికి చట్టం ఉంది. 2002లో వచ్చింది, నీరు, భూమి, చెట్ల చట్టం, పొట్టిగా వాల్టా అంటారు. బోరు వేయాలంటే అనుమతి కావాలి, బోరు బండ్లు రిజిస్టరై ఉండాలి, ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల వేయకూడదు. కానీ బండి రాత్రి వస్తుంది, తెల్లారేసరికి బోరులో కేసింగ్ పైపు దిగిపోయి ఉంటుంది, ఇంక పక్కింటోడి మీద అర్జీ పెట్టేదెవరు? రేపు వాళ్లింట్లో పెళ్లికి పోవాలి కదా. పైగా తన నేల కింది నీళ్లు తోడుకునే హక్కు నేల గలవాడిదేనని బ్రిటిష్ వాళ్లు 1882లో ఈజ్‌మెంట్ చట్టంలో రాసిపెట్టారు. ఆ చట్టం పేరు తెలియనివాళ్లు కూడా నమ్మేది దాన్నే.

మా నాయన కాలంలో కపిల తోలేవాళ్లు, అంటే ఎద్దులతో తోలు బొక్కెన లాగించి బావి నీళ్లు తోడేవాళ్లు. ఎద్దులు అలిసిపోతే విప్పాల్సిందే, అంతలో బావి మళ్లీ ఊరేది. మోటర్లొచ్చాక ఆ అలుపు పోయింది. 1980ల్లో మోటరు కరెంటుకు, హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలు కడితే చాలన్నారు, అంటే ఎంత తోడినా బిల్లు ఒకటే, 2004 నుంచి అదీ లేదు. ఉచిత కరెంటును నేను తిట్టను, అది లేకుంటే మీ నాయన చదువు ఇంటర్‌తోనే ఆగేది. కాకపోతే ఇప్పుడు కరెంటు రాగానే ఆటో స్టార్టర్ మోటరు వేసేస్తుంది, మడికి నీళ్లు చాలాయా లేదా చూసేవాడు మంచం మీద ఉంటాడు. (నేనూ ఉన్నాను, దాచడం ఎందుకు.)

ఒక లెక్క చెప్తా, కాగితం తీసుకోండి. మన అనంతపురంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అంటే ఎకరా మీద 22 లక్షల లీటర్లు. అందులో పదో వంతు కిందికి ఇంకితే గొప్ప, ఎందుకంటే మన కింద ఎక్కువగా గట్టి రాయి, నీళ్లుండేది దాని పగుళ్లలోనే. ఆ లెక్కన ఎకరాకు రెండు లక్షల చిల్లర. ఎకరా వరికి దాదాపు 1200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి, అంటే 48 లక్షల లీటర్లు. ఒక్క ఎకరా వరి తాగేది ఇరవై ఎకరాల కింద ఇంకిన వాన! ఆ ఇరవై ఎకరాలూ మనవి కావు కదా. శనక్కాయకు ఇందులో సగం కూడా అక్కర్లేదు.

వేరే చోట్ల రకరకాలుగా చూశారు. గుజరాత్‌లో 2003 నుంచి ఊరి కరెంటు లైన్లు, చేన్ల కరెంటు లైన్లు వేరు చేసి మోటర్లకు రోజుకు ఎనిమిది గంటలే ఇచ్చారు. పంజాబ్‌లో 2009లో, జూన్ 10కి ముందు వరి నాటకూడదని చట్టమే తెచ్చారు, మండుటెండల్లో మడిలో నీళ్లు ఆవిరైపోతాయని. అక్కడే 2018లో ఇంకోటి పెట్టారు: మోటరుకు ఇంత కరెంటని ఒక హద్దు, అందులో మిగిల్చిన ప్రతి యూనిట్‌కు రైతుకే 4 రూపాయలు. నాకు ఇది నచ్చింది. మన దగ్గర మీటరు అనగానే రేపు బిల్లొస్తుందని టెన్షన్, ఆ భయం ఊరికే వచ్చింది కాదు. మిగిలిస్తే డబ్బులొచ్చే మీటరైతే మా ఈడు వాళ్లు కూడా పెట్టుకోనిస్తారేమో.

ఇక డ్రిప్ సంగతి, అదే పైపులతో మొక్క మొదట్లో చుక్క చుక్కగా నీళ్లిచ్చేది. 2003 నుంచి సబ్సిడీ ఇస్తున్నారు, చీనీ (బత్తాయి) తోటలు నిలబడింది దాని వల్లే. కానీ డ్రిప్‌తో మిగిలిన నీళ్లు నేలలో ఉండవురా, మరో రెండెకరాల చీనీ మొక్కలకు పోతాయి. మన తోట అట్లే పెరిగింది.

నేను నమ్మేది ఊరు కూర్చుని వేసుకునే లెక్కనే. 2000 తర్వాత మన జిల్లాతో కలిపి ఏడు జిల్లాల్లో రైతులే వాన కొలిచి, బోర్లలో నీటిమట్టం రాసుకుని, రబీకి ముందు ఏ పంట ఎన్నెకరాలకు నీళ్లు సరిపోతాయో ఊళ్లో చదివి చెప్పేవాళ్లు. ఎవరినీ జరిమానా వేసి ఆపలేదు, అయినా చాలామంది వరి తగ్గించారు. మన జిల్లాలోనే కొన్ని ఊళ్లలో బోరున్నోళ్లు, లేనోళ్లు కలిసి పైపులు కలుపుకున్నారు. వాన ముఖం చాటేసినప్పుడు లేనోళ్ల శనక్కాయకు ఒకటి రెండు తడులు ఇవ్వాలి, దానికి బదులు ఎవరూ కొత్త బోరు వేయకూడదు.

మన ఇంటి సంగతి మీకు తెలుసు, ఏడు బోర్లేస్తే ఐదు ఎండినవే, ఆ అప్పుకే మీ జేజి గాజులు పోయాయి. ఆ పక్క చేను బోరులో రెండించుల నీళ్లు పడ్డాయంట, మన దాంట్లో వారానికే తగ్గాయి. పోయిన ఆదివారం వాళ్లింటికి పోయి, రెండూ కలిపి ఒకే పైపుకు పెట్టుకుందామా, రోజు మార్చి రోజు తడుపుకుందామా అని అడిగొచ్చా. కాఫీ ఇచ్చారు. జవాబు ఇంకా ఇవ్వలేదు.

మీ తాత