బొప్పాయి పాలతో డిస్క్‌ని కరిగించిన రోజులు

చెన్నైలో ఆసుపత్రులుండే గ్రీమ్స్ రోడ్డు పక్క సందుల్లో నెల్లూరు యాస, చిత్తూరు యాస రెండూ వినిపిస్తాయి. వచ్చినవాళ్ల చంకలో ఎంఆర్ఐ కవరు, దాని మీద పెన్నుతో ‘ఎల్4-ఎల్5’, అంటే నడుంలో నాలుగో, ఐదో వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్. మా బావని తీసుకెళ్తే డాక్టర్ని ఆయన అడిగిన మొదటి మాట: ‘‘కోత లేకుండా డిస్క్‌ని కరిగించే సూది ఉందంట కదా సార్?’’

ఆయన విన్న ఆ పాత సూది ఉందని కాదు, ఉండేది అనాలి.

ముదురు మటన్ ఉడకడానికి మనం పచ్చి బొప్పాయి ముక్క వేస్తాం కదా, కథ అక్కడే మొదలు. 1956లో లూయిస్ థామస్ అనే అమెరికన్ డాక్టర్ బొప్పాయి పాల నుంచి తీసిన పపైన్‌ని కుందేళ్ల రక్తంలోకి ఎక్కిస్తే, వాటి చెవులు వడలిన తమలపాకుల్లా వాలిపోయాయి. కొన్నాళ్లకు మళ్లీ లేచాయి. చెవిలోని మృదులాస్థి మెత్తబడితే నరాన్ని నొక్కే డిస్క్ గుజ్జు మెత్తబడదా అనుకున్నాడు లైమన్ స్మిత్ అనే ఎముకల డాక్టర్. 1963లో అదే బొప్పాయి పాలలో ఉండే కైమోపపైన్ అనే ఎంజైమ్‌ని మనిషి డిస్క్‌లోకే ఎక్కించాడు. గుజ్జులో నీటిని పట్టి ఉంచే పదార్థం విరిగిపోతే గుజ్జు కుంచించుకుపోయి, నరం మీద ఒత్తిడి తగ్గుతుంది.

1982లో అమెరికాలో మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ దీనికి సరేనంది. మందు లేని ఉత్తుత్తి సూది కంటే ఇది మేలేనని, ఆపరేషన్ అంత మాత్రం కాదని తర్వాతి పరిశీలనల్లో తేలింది. కానీ కొందరికి ప్రాణం మీదికొచ్చే ఎలర్జీ వచ్చింది, అరుదుగా కాళ్లు పడిపోయాయి. నడుం నొప్పికని వెళ్లి కాళ్లు పోగొట్టుకున్నారన్న మాట చాలు, డాక్టర్లకు టెన్షన్ పట్టుకోడానికి. 1990ల చివరికి అమ్మకాలే ఆగిపోయాయి. ఆపింది భద్రత లేకనో, పనిచేయకనో కాదని 2003లో ఎఫ్‌డీఏనే తేల్చింది. కానీ అప్పటికి ఎవరికి కావాలి?

2018లో జపాన్ ఇంకో కరిగించే సూదికి, కాండోలియేజ్‌కి, అనుమతిచ్చింది. ఇది బ్యాక్టీరియా నుంచి తీసిన ఎంజైమ్. ప్రొటీన్ల జోలికి పోకుండా గుజ్జులోని చక్కెర గొలుసుల్నే తెంచుతుంది. జీవితంలో ఒక్కసారే వేయాలి. అక్కడి ట్రయల్‌లో 13 వారాలకు కాలి నొప్పి, 100 పాయింట్ల కొలత మీద, సగటున 49.5 పాయింట్లు తగ్గింది. ఉత్తుత్తి సూది పడినవాళ్లకూ 34.3 తగ్గింది! సయాటికా, అంటే నరం నొక్కుకుని కాల్లోకి దిగే నొప్పి, చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది మరి. ఈ రెండో అంకె చెప్పకుండా మొదటిదే చెప్పేవాళ్లంటే నాకు అనుమానం.

బావకి చివరికి పడింది వెన్నులో వేసే ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ సూది. అది నరం చుట్టూ వాపు తగ్గిస్తుందంతే, డిస్క్‌ని కరిగించదు. లాడ్జీకొచ్చాక ఫోన్లో అక్కకి మాత్రం, ‘‘కరిగించేశారులే’’ అని చెప్పాడు.