వాయువును లీటర్లలో కొలిచేటప్పుడు

పది లీటర్ల నీళ్లను పొద్దున కొలిచినా, సాయంత్రం కొలిచినా చెప్పుకోదగ్గ తేడా రాదు. పది లీటర్ల ఆక్సిజన్ అంటే ఎంతో మాత్రం, దాని పీడనమూ ఉష్ణోగ్రతా తెలిసేదాకా ఎవరూ చెప్పలేరు. వాయువు ఏ పాత్రలో ఉంటే ఆ పాత్రంతా నిండుతుంది కాబట్టి, వట్టి లీటర్ల లెక్క పాత్ర ఎంతో చెబుతుంది గాని లోపలి సరుకు ఎంతో చెప్పదు.

రోగికి పెట్టే, 10 లీటర్ల నీరు పట్టే సిలిండరులో 150 బార్ల (బారు పీడనానికి ప్రమాణం) పీడనం దగ్గర ఆక్సిజన్ నింపారనుకుందాం. ఉష్ణోగ్రత మారనంతవరకు పీడనాన్ని ఘనపరిమాణంతో హెచ్చవేస్తే వచ్చే విలువ మారదని 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించాడు. ఆ లెక్కన, బయటి గాలి పీడనానికి, అంటే ఇంచుమించు 1 బారుకు, వచ్చేసరికి ఆ ఆక్సిజన్ 1,500 లీటర్లవుతుంది. నిమిషానికి 5 లీటర్ల చొప్పున వదిలితే 5 గంటలు వస్తుంది. పీడనం చూపే మీటరు ముల్లు 50 బార్లకు దిగిందంటే ఇక మిగిలింది 100 నిమిషాలే. ఇంత పీడనం దగ్గర నిజమైన వాయువులు ఈ సూత్రానికి కొద్ది శాతం అటూ ఇటూ జరుగుతాయి గాని, రోగి పక్కన నిలబడి వేసుకునే అంచనాకు ఇది చాలు.

ఉష్ణోగ్రతను కెల్విన్‌లలోనే, అంటే సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపి, లెక్కలోకి తీసుకోవాలి. 20 డిగ్రీల సెల్సియస్ 40 అయితే వాయువు రెట్టింపు కాదు. 293 కెల్విన్‌లు 313 అయ్యాయి కనుక, పీడనం మారకపోతే, సుమారు 7 శాతం మాత్రమే పెరుగుతుంది.

ప్రమాణాల మార్పిడిలో ఎక్కువమంది తడబడేది ఘనం దగ్గరే. మీటరుకు 100 సెంటీమీటర్లు కాబట్టి ఘనమీటరుకూ 100 ఘన సెంటీమీటర్లేనని చెయ్యి అలవాటుగా రాసేస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటినీ 100తో హెచ్చవేయాలి కనుక అవి 10,00,000, అంటే 1,000 లీటర్లు. అదే విధంగా అడుగుకు 30.48 సెంటీమీటర్లు, దాన్ని ఘనం చేస్తే ఘనపుటడుగుకు 28.317 లీటర్లు వస్తాయి.

అసలైన పరిమాణం కావాలంటే మోల్‌లలోకి, అంటే అణువుల సంఖ్యను బట్టి సరుకును కొలిచే ప్రమాణంలోకి, వెళ్లాలి. 0 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ (1.013 బార్ల) పీడనం దగ్గర ఒక మోల్ వాయువు 22.414 లీటర్లు ఆక్రమిస్తుందని బడిలో నేర్చుకున్నాం. 1982లో అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంస్థ ఐయుపిఎసి ప్రామాణిక పీడనాన్ని 1 బారుగా నిర్ణయించాక అది 22.711 అయింది. అందుకే ఏ పట్టికలోనైనా అంకెకన్నా ముందు దాని కింద రాసిన షరతు చూడాలి: 1 అట్మాస్ఫియర్ దగ్గరే ఒక ఘనమీటరును 0 డిగ్రీల వద్ద కొలిస్తే అందులో 44.6 మోల్‌లు ఉంటాయి, 15 డిగ్రీల వద్ద కొలిస్తే 42.3 మాత్రమే.