తేలికైన యోధుడి క్లాస్: అపోహలు – వాస్తవాలు

బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే ఫాంటసీ రోల్ ప్లేయింగ్ ఆటలకు నియమాలు రాస్తుంటాను. "కొత్తవాళ్ల కోసం సులువైన యోధుడు కావాలి, ఒక్క సాయంత్రం పనే కదా" అని చాలామంది అడుగుతారు. నేను ఎక్కువసార్లు చింపేసి మళ్లీ రాసింది ఆ క్లాసునే, అంటే ఆటగాడు ఎంచుకునే ఆ పాత్ర రకాన్నే. దాని గురించి తరచూ వినే మాటలూ, వాటిలో నిజమెంతో ఇక్కడ చెబుతాను.

అపోహ: చేయగలిగిన పనులు తగ్గిస్తే క్లాస్ తేలికవుతుంది.

వాస్తవం: ఆటగాడు గుర్తుపెట్టుకోవాల్సినవి తగ్గాలి. తేల్చుకోవాల్సినవి తగ్గితే మాత్రం విసుగు పుడుతుంది. నా మొదటి ప్రతిలో యోధుడికి ఉన్నవి రెండే: వేటు తగులుతుందో లేదో తేల్చే పాచిక అంకెకు రెండు కలుపుకోవడం, తగిలితే గాయం అంకెకు రెండు కలుపుకోవడం. దాన్ని పద్నాలుగేళ్ల మా మేనకోడలి చేతికిచ్చి చూశాను. మొదటి వంతులో "కొడతాను" అంది. రెండో వంతులోనూ అదే మాట. నాలుగో వంతుకు ఆ మాట కూడా లేదు, పాచిక వేసి అంకె చూపించింది. పక్కన మాంత్రికుడిగా ఆడుతున్న వాళ్లన్న మాత్రం తన వంతు రాకముందే ఏం చేయాలా అని కాగితం మీద గీతలు గీసుకుంటున్నాడు.

ఆ రాత్రే కూడికలు రెండూ తీసేసి ఒక్క నియమం పెట్టాను. వేటు తగిలితే మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి: శత్రువును రెండు గళ్లు వెనక్కి నెట్టడం, పక్కనున్న నేస్తానికి వచ్చే దెబ్బకు అడ్డు నిలవడం, లేదా ఇంకో ఆరు ముఖాల పాచిక వేసి గాయం పెంచడం. మూడింటినీ అరచేతిలో పట్టే అట్టముక్క మీద రాసిచ్చాను. తరువాతి వారం వంతెన మీద రాక్షసుడు ఎదురయ్యాడు. పాచిక మీద 17 పడింది, వేటు తగిలింది. ఆమె వెంటనే ఏమీ అనలేదు. పటం మీదికి వంగి, వేలితో గళ్లు లెక్కపెట్టి, "మామయ్యా, నెడితే వాగులో పడతాడా?" అని అడిగింది.

2012లో వచ్చిన డంజన్ క్రాల్ క్లాసిక్స్ కూడా ఇలాంటి దారే పట్టింది. అందులో యోధుడు మామూలు పాచికతో పాటు ఒక చిన్న పాచిక వేస్తాడు. ఏ సాహసం చేయబోతున్నాడో ముందే చెప్పాలి. వేటు తగిలి, చిన్న పాచిక మీద 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే ఆ సాహసం ఫలిస్తుంది. లెవెల్ (పాత్ర ఎదుగుదలలో మెట్టు) పెరిగేకొద్దీ ఆ పాచిక పెద్దదవుతుంది. నాకు తెలిసినంతలో ఇంత తక్కువ మాటల్లో ఇంత స్వేచ్ఛ ఇచ్చిన నియమం అరుదు.

అపోహ: యోధుడు మొదటి నుంచీ కొట్టడం తప్ప ఏమీ చేతకానివాడే.

వాస్తవం: 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో క్లాసులు మూడే. అందులో మంత్ర ఖడ్గం పట్టే హక్కు యోధుడిదే. పై స్థాయికి చేరితే కోట కట్టుకుని ప్రభువయ్యేవాడు. 1978 నాటి నియమాల్లో గోబ్లిన్ల వంటి అల్ప శత్రువులను, తన లెవెల్ ఎంతో అన్నిసార్లు ఒకే రౌండులో కొట్టగలిగేవాడు. అతని షీట్, అంటే పాత్ర వివరాలు రాసుకునే కాగితం, చిన్నదే, కానీ బలం షీట్ బయట, కథాలోకంలో ఉండేది. ఆ ఆటకే 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో ఆ కోట, దానితో వచ్చే అనుచరులు యోధుడి సొంత హక్కుగా మిగలలేదు. తరువాతి డిజైనర్లు చాలామంది ఆ చిన్న షీట్‌నే తీసుకున్నారు, దాని వెనకున్న బలాన్ని వదిలేశారు.

అపోహ: ఎన్ని ఎంపికలు ఇస్తే అంత లోతు.

వాస్తవం: అదే మూడో ఎడిషన్‌లో యోధుడికి 20 లెవెళ్లలో 11 అదనపు ఫీట్లు (ప్రత్యేక నైపుణ్యాలు) దక్కేవి, అందరికీ వచ్చేవి వేరు. ఏది దేనికి మెట్టో ఇంట్లో కూర్చుని గంటల తరబడి చూసుకోవాలి. ఆట మొదలయ్యాక మాత్రం చాలాసార్లు మళ్లీ "కొడతాను" అన్న మాటే.

అపోహ: అంకె కాస్త పెంచితే యోధుడికి న్యాయం జరిగినట్టే.

వాస్తవం: ఒకసారి లెక్కవేసి చూడండి. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో సులువైన యోధుడి రకం పేరు ఛాంపియన్. మూడో లెవెల్లో అతనికి ఇరవై ముఖాల పాచిక మీద 20కే కాకుండా 19కి కూడా క్రిటికల్ (గాయం పాచికలు రెండింతలు వేసే గట్టి దెబ్బ) వస్తుంది. అంటే అదనంగా 5 శాతం అవకాశం. పెద్ద కత్తి గాయం రెండు ఆరు ముఖాల పాచికలు, సగటు 7. ఏడులో 5 శాతం 0.35. నాలుగు రౌండ్లు పోరాడినా ఒకటిన్నర పాయింటు రాదు, ఎదురుగా ఉన్న ఓగ్రే అనే రాక్షసుడికి 59 హిట్ పాయింట్లు, అంటే అంత గాయమైతేనే పడతాడు. అదే లెవెల్లో బ్యాటిల్ మాస్టర్ అనే ఇంకో రకం యోధుడికి నాలుగు ఎనిమిది ముఖాల పాచికలు దక్కుతాయి, సగటున 18, పైగా ప్రతిదానికీ ఒక యుక్తి తోడు. ఛాంపియన్ ఆ 18 అందుకోవాలంటే యాభైకి పైగా వేట్లు వేయాలి. 19 పడ్డప్పుడు బల్ల చుట్టూ లేచే కేక నాకూ ఇష్టమే. కానీ సులువును ఎంచుకున్నందుకు ఆటగాడి బలం ఇంతగా తగ్గడం తప్పు.

అపోహ: యోధుడి విలువంతా అతను చేసే గాయంలోనే ఉంది.

వాస్తవం: 2008 నాటి నాలుగో ఎడిషన్ యోధుడు తాను దాడి చేసిన శత్రువుకు ఒక గుర్తు వేయగలడు. ఆ శత్రువు అతణ్ణి వదిలి ఇంకొకరి మీద పడితే వేటుకు రెండు తగ్గుతుంది. పక్కనే ఉండి ఆ పని చేస్తే యోధుడు వెంటనే ఒక వేటు కూడా వేయగలడు. శత్రువును ఇరకాటంలో పెట్టడమే ఇక్కడ యోధుడి గొప్ప. నా అట్టముక్క మీది "అడ్డు నిలవడం" అక్కడినుంచి నేర్చుకున్నదే.

అపోహ: సులువైన క్లాస్ కొత్తవాళ్లకే.

వాస్తవం: మా బల్ల దగ్గర అందరికంటే ఎక్కువ కాలంగా ఆడుతున్నాయన పగలంతా ఆఫీసులో ఖాతాలు చూసి వస్తారు. ఏ కథ మొదలుపెట్టినా ఆయన అడిగేది యోధుణ్ణే. మేనకోడలికి రాసిచ్చిన అట్టముక్కకు ఇంకో ప్రతి ఆయన దగ్గర ఉండేది. అంచులు నలిగి అక్షరాలు చెరిగిపోతే మొన్ననే కొత్తది రాసిచ్చాను.