నేలమాళిగల్లో జాజ్: న్యూయార్క్ క్లబ్బుల గురించి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు ఈ మధ్య వింటున్న 1940లు, 50ల నాటి జాజ్ రికార్డులు అలా ఎందుకు ఉంటాయో రాస్తాను. వాయించేది నలుగురైదుగురే ఎందుకు? పాట తక్కువ, వాద్యం ఎక్కువ ఎందుకు? మధ్యమధ్యలో ఆ గ్లాసుల చప్పుడేమిటి? జవాబు కళాకారుల ప్రతిభలో కొంత దొరుకుతుంది. మిగతాది వాళ్లు వాయించిన గదుల్లో, ఆ గదుల మీద పడ్డ పన్నుల్లో, పోలీసులు ఇచ్చిన కార్డుల్లో ఉంది. ఈ రెండో సగం చాలామంది చెప్పరు.

మాన్‌హాటన్‌లో 52వ వీధితో మొదలుపెట్టాలి. ఐదో అవెన్యూకీ ఆరో అవెన్యూకీ మధ్య గోధుమరంగు రాతి ముఖాల పాత ఇళ్లు వరసగా ఉండేవి. 1920 నుంచి 1933 దాకా అమెరికా అంతటా మద్యనిషేధం. ఆ కాలంలో ఈ ఇళ్ల కింది అంతస్తుల్లో దొంగచాటు బార్లు వెలిశాయి. నిషేధం ఎత్తేశాక ఆ వీధిలో ఓనిక్స్, ఫేమస్ డోర్, త్రీ డ్యూసెస్, జిమ్మీ రయాన్స్ లాంటి క్లబ్బులు బాహాటంగా నడిచాయి. గది వెడల్పు సుమారు ఇరవై అడుగులు, లోపలికి మాత్రం పొడుగ్గా పోతుంది. పదిహేనుమంది బ్యాండుకు అక్కడ చోటెక్కడిది? 1938లో కౌంట్ బేసీ తన పెద్ద బ్యాండునంతా ఫేమస్ డోర్‌లో ఇరికించి వాయించారు, కానీ అది అరుదు. మామూలుగా పియానో, బేస్ (మంద్రంగా పలికే పెద్ద తీగవాద్యం), డ్రమ్స్, ముందు ఒకటో రెండో ఊదే వాద్యాలు. అంతే పడతాయి.

తర్వాత పన్ను వచ్చింది. యుద్ధఖర్చుల కోసం 1944 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం నైట్‌క్లబ్బుల బిల్లు మీద 30 శాతం పన్ను వేసింది. వ్యాపారం కుదేలవడంతో జూలైలో దాన్ని 20కి తగ్గించారు. పాటగానీ డాన్సుగానీ ఉన్న చోటే ఈ పన్ను. కూర్చుని వాద్యం మాత్రమే వినే చోట లేదు. దాంతో యజమానులకు డాన్స్ చేసే జాగాలో కూడా బల్లలు వేయడం, గాయకుల్ని మానుకోవడం లాభసాటి అయింది. అప్పుడు వచ్చిన బీబాప్ అనే కొత్త రకం వేగమైన జాజ్ ఈ పన్ను వల్లే పుట్టిందనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. ఆ సంగీతం అంతకు ముందే మాన్‌హాటన్ ఉత్తరాన నల్లజాతివాళ్ల పేట హార్లెంలో రూపం కట్టింది. పన్ను దానికి గిరాకీ పెంచిందంతే.

హార్లెంలో అది జరిగిన చోటు 118వ వీధిలో, సెసిల్ హోటల్లో ఉన్న మింటన్స్ ప్లేహౌస్. హెన్రీ మింటన్ 1938లో తెరిచారు. 1940 నుంచి నిర్వహణ చూసిన టెడ్డీ హిల్, పియానోకు థెలోనియస్ మంక్‌నూ డ్రమ్స్‌కు కెన్నీ క్లార్క్‌నూ పెట్టారు. అపోలో థియేటర్ కళాకారులకు సోమవారం సెలవు. ఆ రాత్రి వాళ్లకు ఉచితంగా భోజనం పెట్టి, వాయించాలనుకున్నవాళ్లను వేదిక ఎక్కనిచ్చేవారు. కూలి లేకుండా వాయిస్తే సంగీతకారుల యూనియన్ జరిమానా వేసేది. మింటన్ ఒకప్పుడు ఆ యూనియన్ ప్రతినిధిగా చేసినవారు కాబట్టి అక్కడ ఆ బెడద తక్కువ. గిటార్‌తో చార్లీ క్రిస్టియన్, ట్రంపెట్‌తో డిజ్జీ గిలెస్పీ, శాక్సఫోన్‌తో చార్లీ పార్కర్ అక్కడికి వచ్చేవారు.

వాళ్లు చేసిందేమిటంటే, అందరికీ తెలిసిన పాటకు ఆధారమైన స్వరసమూహాల (ఒకేసారి కలిపి మోగించే స్వరాల) వరసను మాత్రం ఉంచుకుని, వేగం పెంచి, మధ్యలో కొత్త సమూహాలు చొప్పించి, పైన కొత్త మెట్టు కట్టడం. మన కచేరీలో కీర్తన మారకుండానే నెరవులో విద్వాంసుడి మనోధర్మం బయటపడినట్టు, ఇక్కడ ఒకే వరస తిరిగి తిరిగి వస్తుంటే ఒక్కొక్కరు తమ వంతు అల్లుతారు. వరస తెలియకుండా వేదిక ఎక్కినవాళ్లు రెండు చుట్లలోనే తేలిపోయేవారు. 1942 ఆగస్టు నుంచి యూనియన్ రికార్డింగ్ సమ్మె నడిచింది, పెద్ద కంపెనీలతో అది 1944 దాకా సాగింది. ఈ మార్పు ముమ్మరంగా జరిగిన రోజులకు రికార్డులు అంత తక్కువగా మిగలడానికి అది ముఖ్య కారణం.

ఇక ఒక రాత్రి ఎలా నడిచేదో చూడండి. రాత్రి తొమ్మిది పదికి మొదలై తెల్లవారుజామున నాలుగింటికి ముగిసేది. ఒక విడత ముప్పావుగంట అటూఇటూ, తర్వాత విరామం. రెండు బృందాలుంటే ఒకటి దిగగానే రెండోది ఎక్కేది. వారానికి ఆరు రాత్రులు ఇదే పని. ఒకే జట్టు వారాల తరబడి కలిసి వాయిస్తే వచ్చే పొందిక రిహార్సళ్లతో రాదు. ఆ రికార్డుల్లో ఒకరి మాట ఒకరు ముందే పసిగట్టినట్టు ఉండటానికి మూలం ఇదే.

నేలమాళిగ గదుల్లో చిక్కులూ ఉండేవి. తేమకు పియానో చెక్క ఉబ్బి శ్రుతి పైకి పోతుంది, చలికాలం హీటర్లకు ఎండి కిందికి జారుతుంది. పియానోను అప్పటికప్పుడు సరిచేయలేరు గనుక మిగతావాళ్లే దానికి కలవాలి. చలిలో బయటినుంచి తెచ్చిన ట్రంపెట్ శ్రుతి తక్కువగా పలుకుతుంది, ఊదగా ఊదగా వేడెక్కి పెరుగుతుంది. అప్పుడు గొట్టాన్ని కొంచెం బయటికి లాగాలి. శాక్సఫోన్ అయితే నోటిముక్కను బయటికి జరపాలి. కప్పు తక్కువ ఎత్తులో ఉంటే డ్రమ్స్ బేస్‌ను మింగేస్తాయి, అందుకే పుల్లలు పక్కన పెట్టి తీగల బ్రష్షులు పట్టేవారు.

క్లబ్బుకు ఆదాయం మద్యం మీదే. తాగనివాళ్లు నష్టం కింద లెక్క. అందుకే మీ వయసువాళ్లకు బర్డ్‌లాండ్ సంగతి నచ్చుతుంది. 52వ వీధి దగ్గర బ్రాడ్‌వేలో 1949 డిసెంబరు 15న తెరిచిన ఆ నేలమాళిగ క్లబ్బుకు 'బర్డ్' అనే చార్లీ పార్కర్ ముద్దుపేరు మీదే పేరు పెట్టారు. అందులో ఒక పక్క మద్యం కొననక్కర్లేకుండా, ప్రవేశరుసుముతోనే కూర్చుని వినేందుకు వరసలు ఉండేవి.

నాకు ఎప్పటికీ కోపం తెప్పించేది కార్డుల వ్యవహారం. 1940ల తొలినాళ్ల నుంచి 1967 దాకా, మద్యం అమ్మే క్లబ్బులో పనిచేయాలంటే వేలిముద్రలిచ్చి పోలీసుల దగ్గర గుర్తింపు కార్డు తీసుకోవాలి. మత్తుమందు కేసు పడితే కార్డు పోతుంది. కార్డు పోతే కూడు పోతుంది. గాయని బిల్లీ హాలిడే 1947లో జైలుకు వెళ్లాక, 1959లో చనిపోయేదాకా న్యూయార్క్ క్లబ్బుల్లో మామూలుగా పాడే హక్కు తిరిగి పొందలేదు. కచేరీ హాళ్లకు ఆ కార్డు అక్కర్లేదు, అందుకే 1948 మార్చిలో కార్నెగీ హాల్లో మాత్రం పాడగలిగారు. మంక్ కార్డు 1951లో పోయింది. ఆరేళ్ల తర్వాత అది చేతికొచ్చాక, 1957 వేసవిలో కూపర్ స్క్వేర్‌లోని ఫైవ్ స్పాట్ క్లబ్బులో శాక్సఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్‌తో నెలల తరబడి వాయించారు. అంత గొప్ప చేతులు ఆరేళ్లు సొంత ఊరి క్లబ్బులకు దూరంగా ఉండటం ఏ న్యాయమో!

52వ వీధి ఇళ్లు క్రమంగా కూలి ఆఫీసు భవనాలొచ్చాయి. బర్డ్‌లాండ్ 1965లో మూతపడింది. ఇప్పటికీ నడుస్తున్నది విలేజ్ వాన్‌గార్డ్. మాక్స్ గోర్డన్ దాన్ని సెవెంత్ అవెన్యూ సౌత్‌లో 1935లో తెరిచారు, 1957 నుంచి పూర్తిగా జాజ్‌కే మళ్లించారు. ముక్కోణపు నేలమాళిగ, 123 మందికే చోటు. అక్కడ తీసిన రెండు రికార్డులు ముందు వినండి. 1957 నవంబరు 3న శాక్సఫోన్ వాయించే సోనీ రోలిన్స్ పియానో లేకుండా బేస్, డ్రమ్స్‌తో వాయించినది. స్వరసమూహాలు చెప్పే పియానో లేదు కనుక బేస్‌ను వెంబడిస్తే వరస పట్టుబడుతుంది. రెండోది 1961 జూన్ 25, ఆదివారం, పియానో వాయించే బిల్ ఎవాన్స్ ముగ్గురి జట్టు ఒకేరోజు వాయించిన ఐదు విడతలు. మీరడిగిన గ్లాసుల చప్పుడు, మాటలు అందులో స్పష్టంగా వినిపిస్తాయి, మైకులు బల్లలకు అంత దగ్గర. బేస్ వాయించిన స్కాట్ లఫారో పదకొండు రోజులకే కారు ప్రమాదంలో పోయారు.

న్యూజెర్సీలో ఉన్నవాళ్లు పాత్ రైల్లో 14వ వీధిలో దిగితే వాన్‌గార్డ్‌కు నడిచే వెళ్లొచ్చు. వయసు నిబంధనలు ముందే చూసుకుని టికెట్ కొనండి. వీలైతే సోమవారం వెళ్లండి. 1966 ఫిబ్రవరిలో థాడ్ జోన్స్, మెల్ లూయిస్ మొదలుపెట్టిన పెద్ద బ్యాండు పరంపర ఆ రోజునే సాగుతోంది. త్వరగా వెళ్లి, డ్రమ్స్ కాక బేస్ దగ్గర కుర్చీ చూసుకోండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య