బెతోబెతో గారు

చిట్టీ, బన్నీ,

కరెంటు పోయినప్పుడు మెట్లెక్కుతుంటే వెనకాల ఎవరో వస్తున్నట్టుంటుంది, మేం ఆగితే ఆగిపోతారు, ఎవరది పెదనాన్నా అని మొన్న ఫోన్లో అడిగారు. సైన్సు మీ నాన్న చెబుతాడు. నేను మిజుకి షిగెరు సంగతి చెబుతాను.

ఈయన జపాన్‌లో మాంగా, అంటే బొమ్మల కథలు గీసినాయన. 1922లో పుట్టాడు. సముద్రం పక్కన సకైమినాతో అనే ఊళ్లో పెరిగాడు. అక్కడ నోన్నోన్‌బా అనే ముసలమ్మ ఉండేది. ఇంటి పైకప్పుకి మరకలుంటే, రాత్రిపూట ఒక యోకాయ్ వచ్చి నాకిపోయిందిరా అనేదట. యోకాయ్ అంటే మన దెయ్యాలకి దూరపు చుట్టాలు.

వీధికుక్కనే చూడండి. చీకట్లో మొరిగితే గుండె ఝల్లుమంటుంది. రాజు అని పేరు పెట్టి రొట్టెముక్క వేస్తే మర్నాడు తోకాడిస్తుంది, ఆ మర్నాడు అరుగెక్కి పడుకుంటుంది. ముసలమ్మ చీకటికి అలా పేర్లు పెట్టింది. పిల్లాడు పెద్దయి వాటన్నిటినీ సాకాడు. కితారో అనే దెయ్యాలపిల్లాణ్ణి గీశాడు. వాడి నాన్న తలకాయంతా ఒకటే కన్ను, టీ గిన్నెలో స్నానం చేస్తాడు!

మధ్యలో రెండో ప్రపంచ యుద్ధమొచ్చింది. సైన్యంలో చేర్చి, పసిఫిక్ సముద్రంలో ఒక దీవి మీదున్న రబౌల్ అనే ఊరి వైపు పంపారు. మలేరియా పట్టుకుంది, బాంబుదాడిలో ఎడమచెయ్యి పోయింది. ఇక్కడ నా కుక్క పోలిక పనికిరాదు. బాంబుకి ఏ పేరు పెట్టినా తోకాడించదు. అక్కడి తోలాయి జనం ఆయనకి తిండి పెట్టి ఆదరించారు. తిరిగొచ్చి, మిగిలిన కుడిచేత్తోనే గీశాడు. బాగా పేరొచ్చేసరికి నలభై దాటాయి. 2015లో, 93 ఏళ్లకి పోయాడు. సకైమినాతోలో ఇప్పుడొక వీధి పొడుగునా ఆయన యోకాయ్‌ల కంచుబొమ్మలే.

మా చిన్నప్పుడు ఊళ్లో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవారు. మా తలుపు మీద నేనే బొగ్గుతో రాశాను. పడుకున్నాక గుర్తొచ్చింది, "రేపు"లో ఏత్వం పెట్టలేదని. దెయ్యానికి అర్థమవుతుందో లేదో అని రాత్రంతా టెన్షన్. మీ నాన్న నా దుప్పట్లోకి దూరాడు, అడిగితే ఒప్పుకోడు.

దెయ్యానికైనా మర్యాదగా చెబితే సగం పేచీ ఉండదు. మీ వెనకాల వచ్చే చప్పుడుకి జపాన్‌లో బెతోబెతో-సాన్ అని పేరు. సాన్ అంటే మన "గారు". పక్కకి ఒదిగి, "బెతోబెతో గారూ, మీరు ముందు వెళ్లండి" అంటే వెళ్లిపోతుందట.

ఈసారి కరెంటు పోతే అలా అని చూడండి. పైకి ఎన్ని అడుగులు వెళ్లాయో లెక్కపెట్టి నాకు ఫోన్ చెయ్యండి.

మీ పెదనాన్న