జీపీఎస్ తప్పులు: అసలు మలుపు 2000లోనే

విమానాలకు జీపీఎస్ తప్పుడు స్థానం చూపుతోందన్న వివాదం మళ్లీ రేగింది. ఢిల్లీ పరిసరాల్లో దొంగ సంకేతాలు అందాయని పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు 2025 డిసెంబర్‌లో రాజ్యసభకు తెలిపారు. అంతరాయాలు నమోదైన చోట్లలో హైదరాబాద్, చెన్నై కూడా ఉన్నాయి. గన్నవరం నుంచి ఆ ఊళ్లకు నిత్యం విమానాలు వెళ్తాయి.

ఈ చిక్కుకు వేరు 2000 మే నెలలో ఉంది. అంతవరకు పౌర వినియోగదారులకు అందే సంకేతంలో అమెరికా సైన్యం కావాలనే తప్పు కలిపేది. స్థానం వంద మీటర్ల దాకా తేడా రావచ్చని అందరికీ తెలుసు. కాబట్టి జీపీఎస్ తెరను ఒక్కదాన్నే నమ్మే వీలు ఉండేది కాదు. అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఆదేశంతో ఆ కల్తీ ఆగిపోయింది. చిన్న విమానం నడిపేవారికి అది వరమే, కాదనలేం. కానీ తెరను అనుమానించే అలవాటు సడలింది అప్పటినుంచే.

మన ఆకాశానికి వేరే ఇబ్బంది ఉంది. భూఅయస్కాంత మధ్యరేఖ దక్షిణ భారతం మీదుగా పోతుంది. సూర్యాస్తమయం తర్వాత అయనోవరణం (వాతావరణం పైభాగాన విద్యుదావేశ కణాలుండే పొర) అల్లకల్లోలమై ఉపగ్రహ సంకేతాలు చెదురుతాయి. ఇలాంటి తేడాలను సరిదిద్దేందుకు ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి గగన్‌ అనే ఉపగ్రహ ఆధారిత దిద్దుబాటు వ్యవస్థను నిర్మించాయి. 2015లో దాన్ని ప్రారంభించింది అప్పటి మంత్రి అశోక్ గజపతిరాజు. గగన్ ఉండగా విమానానికి రేడియో సంకేతంతో దిశ చూపే నేలమీది వీఓఆర్ కేంద్రాలకు ఖర్చెందుకన్న వాదన ఉంది. అయితే గగన్ దిద్దేది ఉపగ్రహాల తప్పులను, అయనోవరణం తెచ్చే తేడాలను. పక్కనుంచి ఎవరో పంపే దొంగ సంకేతానికి దాని దగ్గర మందు లేదు.

పైలట్ శిక్షకుల మాట ఇక్కడే బరువైనది. సంకేతం పూర్తిగా పోతే పరికరం హెచ్చరిస్తుంది. దొంగ సంకేతం వస్తే ధీమాగా అబద్ధం చూపుతుంది. పరికరం చూపే సమయం హఠాత్తుగా మారడం, ఇంజిన్ శక్తి మార్చకుండానే భూవేగం (నేలతో పోలిస్తే విమానం వేగం) ఎగబాకడం, వీఓఆర్ సూదితో పొంతన కుదరకపోవడం దాని గుర్తులు. అప్పుడు దిక్సూచి, గడియారం, పటం పట్టుకుని కిందికి చూడాలి. పగటి వెలుగులో ప్రకాశం బ్యారేజీ, కొల్లేరు, కొండపల్లి కొండలు అబద్ధం చెప్పవు. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌కు వెంటనే చెప్పాలి. అంతరాయం దాటాక కూడా పరికరాన్ని వెంటనే నమ్మకూడదు, ఒక్కోసారి ఆపి మళ్లీ ఆన్ చేయాల్సి వస్తుంది.

సంప్రదాయ నేవిగేషన్ సాధనాల కనీస వ్యవస్థను కొనసాగిస్తున్నామని మంత్రి అదే సమాధానంలో చెప్పారు. ఢిల్లీలో ఆ సాధనాలున్న రన్‌వేల రాకపోకలకు ఇబ్బంది కలగలేదన్నదీ ఆ సమాధానంలోనే ఉంది.